కాలువ ఉంది, చివరికి నీళ్ళెందుకు రావు? (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

సాగునీటి ప్రాజెక్టుల నిర్వహణ మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒక్కచోట పెట్టేశాం. కొన్నిటికి జవాబు పెద్దదైపోయింది, కొన్నిటికి రెండు ముక్కల్లో తేలిపోయింది, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: సర్, రిజర్వాయర్ నిండే ఉంటుంది, కాలువ తవ్వే ఉంటుంది, మరి చివరి ఆయకట్టుకి నీళ్ళు ఎందుకు చేరవు? లెవెల్స్ తప్పు పెట్టారనుకోవాలా? – ఒక రిటైర్డ్ మాస్టారు

జవాబు: మాస్టారూ, లెవెల్స్ తప్పయిన కాలువలు లేకపోలేదు కానీ చాలాచోట్ల అసలు గొడవ మట్టిలోనూ సిమెంటులోనూ ఉండదండి. కాలువ మొదట్లో పొలం ఉన్న రైతు వైపు నుంచి ఒకసారి చూడండి. ఈ వారం నీళ్ళొచ్చాయి, వచ్చే వారం వస్తాయో రావో ఎవరూ చెప్పరు, చెప్పినా ఆ మాట నిలబడుతుందని నమ్మకం లేదు, అలాంటప్పుడు ఆయన ఏం చేస్తాడు, ఉన్నప్పుడే పొలం నిండా పెట్టేసుకుంటాడు, అవసరానికి రెండింతలు పెట్టుకుంటాడు. దాన్ని ఒట్టి దురాశ అనలేం. రేపటి మీద భరోసా లేనప్పుడు ఎవరైనా చేసేది అదే.

ఆయన ఎక్కువ తీసుకున్నాడు కాబట్టి చివర్లో తగ్గింది. చివరి రైతులు ఊరుకోరు కదా, రాత్రిపూట వచ్చి షట్టర్లు ఎత్తేస్తారు, లేకపోతే గుంపుగా వెళ్ళి ఇంజినీరు ఆఫీసు ముందు కూర్చుంటారు, లేకపోతే నాయకుడి చేత ఫోన్ చేయిస్తారు. ఆ ఒత్తిడికి ఇంజినీరు షెడ్యూల్ మార్చేస్తాడు. షెడ్యూల్ మారగానే మొదటి రైతుకి "చూశావా, నేను అనుకున్నదే అయింది" అనిపిస్తుంది, వచ్చేసారి ఇంకా ఎక్కువ పెట్టుకుంటాడు. ఇదిలా తిరుగుతూనే ఉంటుంది. రాబర్ట్ వేడ్ అని ఒక పరిశోధకుడు దక్షిణ భారతదేశపు కాలువల మీద ఏళ్ళ తరబడి తిరిగి చెప్పిన విషయం దాదాపు ఇదే, కాలువ కింద అరాచకానికి మూలం నీటి కొరతకంటే నీటి మీద అపనమ్మకం అని.

దీనికి తోడు పంటల సంగతి. డిజైన్ చేసేటప్పుడు ఇన్ని ఎకరాలు ఆరుతడి, ఇన్ని ఎకరాలు మాగాణి అని కాగితం మీద లెక్క వేస్తారు. నీళ్ళు దగ్గర్లో పారుతుంటే మొదటి రైతు ఆరుతడి పంట ఎందుకు వేస్తాడండీ, వరి వేస్తాడు. ఒక్కసారి ఎగువన అంతా వరి అయిపోయాక చివరి వాటా లెక్కలోనే మాయమైపోతుంది, ఇక లైనింగ్ (కాలువ లోపల సిమెంటు పూత) చేసినా పూడిక తీసినా తేడా కొంచెమే. రూల్ పుస్తకంలో ఇది తప్పే, కానీ ఆ రూల్ అమలు చేయాల్సిన కింది స్థాయి ఉద్యోగికి వెనక నిలబడేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఈ అపనమ్మకాన్ని కొంతైనా తగ్గించిన పద్ధతి కావాలంటే వారాబందీ చూడాలి. పంజాబ్, హర్యానాల్లోనూ అవతల పాకిస్తాన్ వైపూ నడిచేది ఇదే. వారానికి ఉన్న 168 గంటల్ని ఒక తూము కింద ఉన్న పొలాలకి విస్తీర్ణం లెక్కన పంచేస్తారు. నీది మంగళవారం పొద్దున ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా, ఆ టైములో తూములో పారే నీళ్ళన్నీ నీవే, దాటిందంటే పక్కవాడివి. కొన్నిచోట్ల రాత్రి వంతు ఎప్పుడూ ఒక్కడి నెత్తిన పడకుండా ఏడాదికోసారి పన్నెండు గంటలు జరుపుతారు. ఇందులో నీళ్ళు ఎక్కువేం రావు, నిజానికి తక్కువే, కానీ ఎప్పుడొస్తాయో తెలుసు కాబట్టి రైతు దాన్నిబట్టి పంట ఎంచుకుంటాడు. ఇదీ అంత శుభ్రంగా ఏం లేదు లెండి, పాకిస్తాన్‌లో కాలువ మొదట్లో తూములు పెద్దవి చేసుకోవడం పాత జబ్బు, పిల్లకాలువలో ఇంకిపోయిన నీళ్ళ నష్టమంతా చివరివాడి వంతులోనే పోతుంది. అయినా సరే, ఎవడి వంతు ఎప్పుడో అందరికీ తెలిసిన చోట దొంగతనం దొంగతనంలా కనపడుతుంది. తెలియని చోట అది మామూలైపోతుంది.

ప్రశ్న: నమస్తే. నేను సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. మట్టి కాలువలన్నీ లైనింగ్ చేసి, ఆటోమేటిక్ గేట్లు పెట్టి, కంప్యూటర్‌తో నడిపితే ఈ మనుషుల గొడవే ఉండదు కదా? – ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, మీ వయసులో అందరికీ అలాగే అనిపిస్తుంది, తప్పేం లేదు. కానీ నేపాల్ కథ ఒకటి చెప్తా, కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఇదే.

నేపాల్‌లో రెండు రకాల సాగునీటి వ్యవస్థలున్నాయి. ఒకటి రైతులే తరతరాలుగా కట్టుకుని నడుపుకునేవి, రాళ్ళు కొమ్మలు మట్టి వేసి వాగుకి అడ్డకట్ట కడతారు, వరదొస్తే కొట్టుకుపోతుంది, మళ్ళీ కడతారు. రెండోది ప్రభుత్వం కట్టి ప్రభుత్వమే నడిపేవి, పర్మనెంట్ కాంక్రీటు కట్టడాలు, గేట్లు అన్నీ ఉంటాయి. ఎలినార్ ఆస్ట్రమ్ (2009లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చినావిడ) బృందం వందకి పైగా ఇలాంటి వ్యవస్థల్ని పక్కపక్కన పెట్టి చూసింది. ఎవరైనా కాంక్రీటువే బాగా నడుస్తాయనుకుంటారు కదా, సగటున చూస్తే కొమ్మల కట్టలున్నవే బాగా నడుస్తున్నాయి, పంటలు ఎక్కువ తీస్తున్నారు, చివరి పొలానికి నీళ్ళు అందడంలోనూ అవే మెరుగు.

కారణం ఏంటంటే, కొమ్మల కట్ట ప్రతి ఏడాదీ కొట్టుకుపోతుంది, దాన్ని మళ్ళీ కట్టడానికి మొదటి రైతులు ఒక్కళ్ళు సరిపోరు, చివరి రైతులు కూడా వచ్చి కష్టపడాలి, మరి చివరివాళ్ళు ఊరికే వస్తారా, "మాకు నీళ్ళిస్తేనే వస్తాం" అంటారు. అంటే ఆ బలహీనమైన కట్టే చివరి రైతు చేతిలో ఉన్న బలం. ప్రభుత్వం మంచి మనసుతోనే వచ్చి కాంక్రీటు హెడ్‌వర్క్స్ (వాగు నీటిని కాలువలోకి మళ్ళించే కట్టడం) కట్టేసింది, ఇక ఏటా కట్టే పని లేదు, మొదటివాళ్ళకి చివరివాళ్ళతో అవసరం తీరిపోయింది. అవసరం తీరాక మాట ఎవరు వింటారు చెప్పండి. కట్టడం గట్టిపడింది, దాన్ని నడిపే ఒప్పందం మాత్రం విరిగిపోయింది. కాంక్రీటు వద్దని కాదమ్మా నేను చెప్పేది, హెడ్‌వర్క్స్ బాగు చేసేటప్పుడు "ఇప్పటిదాకా చివరి రైతు మాట ఎందుకు చెల్లుతోంది, రేపు ఇది కట్టాక కూడా చెల్లుతుందా" అని ఆ ఊళ్ళలో అడిగినవాళ్ళు తక్కువ. అడిగితే, ఉదాహరణకి నీటి వాటాని ముందే రాతపూర్వకంగా ఖాయం చేసి, ఆ తర్వాతే సిమెంటు కలిపి ఉండొచ్చు.

గేట్ల సంగతీ అంతే. ఎక్కడైనా విరిగిన షట్టర్ కనపడితే క్వాలిటీ బాలేదని రాసేసుకోకండి, చాలాసార్లు అది జనం చెప్పిన అభిప్రాయం, "ఈ గేటు ఎవరు ఎందుకు దించుతున్నారో మాకు తెలీదు, మేం ఒప్పుకోలేదు" అని. వారాబందీ కాలువల్లో తూములకి అసలు గేటే ఉండదు, మోఘా అని ఒక స్థిరమైన రంధ్రం, కాలువ నిండుగా పారితే తన వాటా తను తీసుకుంటుంది. కింది ఉద్యోగికి తగ్గించే పెంచే అవకాశమే లేకుండా చేసిన డిజైన్ అది. ఎవరు నడుపుతారు, వాళ్ళని ఎంతవరకు నమ్మొచ్చు అన్నది ముందు ఆలోచించి ఆ తర్వాత బొమ్మ గీశారన్నమాట. ఆటోమేటిక్ గేట్లూ మంచివే, కానీ ఆ కంప్యూటర్‌లో ఎవరి వాటా ఎంతని నింపాలో అది మనుషులు కూర్చుని తేల్చాల్సిందే.

ప్రశ్న: నీటి సంఘాలు వస్తే అంతా మారిపోతుందన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే పెట్టారు కదా, మరి ఏమైంది? రైతుల చేతికి ఇస్తే నడపలేరని తేలిపోయినట్టేనా? – ఒక పాఠకుడు

జవాబు: అసలు రైతుల చేతికి ఏమిచ్చారు అని ముందు చూడాలి సార్.

1997 నాటి చట్టం చిన్న విషయమేం కాదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద ఒకే ఊపులో ఎన్నికలు పెట్టి పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పాటు చేశారు, వేరే రాష్ట్రాలు నాలుగైదు పైలట్ ప్రాజెక్టులతో సరిపెట్టుకుంటున్న రోజుల్లో అది. కింద సంఘం, దాని మీద డిస్ట్రిబ్యూటరీ (పెద్ద కాలువ నుంచి చీలే కాలువ) కమిటీ, ఆ పైన ప్రాజెక్టు కమిటీ, ఇలా మూడంచెలు. దానికి కొంచెం ముందే నీటి తీరువా (నీటి పన్ను) కూడా దాదాపు మూడింతలు చేశారు. మొదటి ఒకట్రెండేళ్ళు కనపడే ఫలితమే వచ్చింది, ఎన్నో ఏళ్ళుగా పూడిక తీయని కాలువల్లో పూడిక తీశారు, షట్టర్లు బాగుచేశారు, కొన్నిచోట్ల చివరి ఆయకట్టుకి నీళ్ళు చేరాయి. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు.

తర్వాత ఎక్కడ ఆగింది? తీరువా లెక్క కట్టేది, వసూలు చేసేది ప్రభుత్వ శాఖలే, సంఘానికి వాటా పైనుంచి తిరిగి రావాలి, అది ఎప్పుడొస్తుందో ఎంతొస్తుందో సంఘానికి తెలీదు. కాలువ మీద తిరిగే లష్కర్లు సంఘం కింద పనిచేసే మనుషులు కాదు, వాళ్ళ జీతం వేరేచోట, బదిలీ వేరేచోట, మరి సంఘం అధ్యక్షుడు చెప్తే ఎందుకు వినాలి? పై మెట్టు అయిన ప్రాజెక్టు కమిటీలు చాలాకాలం ఏర్పడనే లేదు, అంటే రిజర్వాయర్ నుంచి ఏ కాలువకి ఎంత వదలాలి అనే అసలు నిర్ణయంలో రైతు గొంతు లేదు. మిగిలింది ఏంటి, రిపేరు పనులు. దాంతో చాలాచోట్ల సంఘం అంటే నీళ్ళ పంపకం కాకుండా పనుల బిల్లులైపోయింది, అధ్యక్షుడు కాంట్రాక్టరులా తయారయ్యాడు, ఎన్నికలేమో పార్టీల ఎన్నికలయ్యాయి, ఆ తర్వాత ఎన్నికలు వాయిదాల మీద వాయిదాలు పడ్డ కాలాలూ ఉన్నాయి. సభ్యత్వం భూమితో ముడిపడింది కాబట్టి పట్టా పేరు మీద లేని ఆడవాళ్ళు, నోటిమాట మీద కౌలు చేసేవాళ్ళు ఆ గదిలోనే లేరు, పొలానికి రాత్రిళ్ళు నీళ్ళు పెట్టేది వాళ్ళే అయినా కూడా.

శ్రీలంకలో గల్ ఓయా ఎడమ కాలువ పక్కన పెట్టి చూడండి. 1980ల మొదట్లో ఆ దేశంలోనే బాగా చెడిపోయిన ప్రాజెక్టుగా దానికి పేరు. 1981లో అక్కడికి ముందు చట్టం రాలేదు, ఎన్నికలు రాలేదు, చదువుకున్న కుర్రవాళ్ళని ఊళ్ళలో పెట్టారు, వాళ్ళ పని రైతులతో కూర్చుని మాట్లాడటం, ఒక పిల్లకాలువ కింద ఉన్న పది పదిహేను కుటుంబాల్ని ముందు కలపడం. వాళ్ళు మొదట చేసింది ఉమ్మడి శ్రమతో పూడిక తీసుకోవడం, వంతులు పెట్టుకోవడం, మిగిలిన నీళ్ళు కిందికి వదలడం. పనిచేయడం మొదలయ్యాకే సంఘానికి ఒక రూపం వచ్చింది. అక్కడ ఎగువన ఎక్కువగా సింహళ రైతులు, చివర్లో తమిళ రైతులు, దేశంలో ఆ రెండు జాతుల మధ్య ఏం జరుగుతోందో మీకు తెలుసు, అలాంటి రోజుల్లో కూడా పైవాళ్ళు కిందికి నీళ్ళు వదిలారు. ఇంజినీర్లు కూడా మారారు, రైతులతో మీటింగ్‌కి కూర్చుంటే తిట్లు కాకుండా సమాచారం దొరుకుతుందని వాళ్ళకి అర్థమైంది.

మూడో ఉదాహరణ సూడాన్ గెజీరా. 1925 నుంచి నడుస్తున్న స్కీమ్, ఎనిమిది లక్షల హెక్టార్ల పైనే, ఒకే యాజమాన్యం కింద ఉన్న ప్రపంచంలోని అతిపెద్ద సాగునీటి స్కీముల్లో ఒకటి. దశాబ్దాల పాటు ఏ పంట వేయాలో కూడా పైనుంచే చెప్పారు, రైతుకి నిర్ణయం అనేది అలవాటే లేదు. 2005లో చట్టం తెచ్చి పంట నీ ఇష్టం, పొలాల దగ్గరి కాలువలు నీటి సంఘాలే చూసుకోవాలి అన్నారు. బ్లూ నైల్ నది తెచ్చే ఒండ్రు మామూలుది కాదు, పూడిక తీయాలంటే మెషిన్లు కావాలి, డబ్బు కావాలి, తెలిసిన మనుషులు కావాలి, సంఘాలకి అవేవీ లేవు. కాలువలు పాడయ్యాయి, చట్టాన్ని మళ్ళీ 2014లో సవరించుకోవాల్సి వచ్చింది. అధికారం, డబ్బు ఇవ్వకుండా బాధ్యత ఒక్కటే ఇస్తే దాన్ని అప్పగించడం అనకూడదు, వదిలించుకోవడం అనాలి.

కాబట్టి మీ రెండో ప్రశ్నకి నా జవాబు, తేలలేదు సార్. పరీక్ష పెట్టకుండానే ఫెయిల్ అన్నట్టుంది మనది.

ప్రశ్న: నీళ్ళు ఫ్రీగా ఇవ్వడం వల్లే వృథా అవుతున్నాయి, రేట్లు పెంచితే ప్రాజెక్టులు బాగుపడతాయి అని చదివాను. నిజమేనా? – ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: సగం నిజం. ఎకరానికి ఇంత అని రేటు కట్టినంతకాలం మీరు దాన్ని ఎంత పెంచినా వృథా తగ్గదు, ఎందుకంటే తక్కువ వాడినవాడూ ఎక్కువ వాడినవాడూ ఒకటే కడతారు. కొలిచి ఇస్తే తప్ప రేటు నీటిని పొదుపు చేయించలేదు, కొలవడానికి లక్షల పొలాల దగ్గర మీటర్లు పెట్టడం కుదిరే పని కాదు, మహా అయితే ఒక సంఘానికి టోకుగా కొలిచి ఇవ్వొచ్చు.

అసలు చూడాల్సింది కట్టిన డబ్బు ఎటు పోతుందని. అది ఖజానాలో కలిసిపోయి, ప్రాజెక్టుకి బడ్జెట్ వేరే దారిలో వస్తే, రైతు కట్టినా కట్టకపోయినా ఇంజినీరుకి ఒకటే, ఇంజినీరు బాగా నడిపినా నడపకపోయినా రైతు కట్టేది ఒకటే. ఇద్దరికీ మధ్య దారం లేదు. ఫిలిప్పీన్స్‌లో ఆ దారం కట్టి చూశారు. అక్కడి జాతీయ సాగునీటి సంస్థకి 1974లో ఒక డిక్రీతో వసూలు చేసిన ఫీజు తనే ఉంచుకునే హక్కు ఇచ్చారు, నడపడానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బేమో కొన్నేళ్ళలో తగ్గించుకుంటూ వచ్చి ఆపేశారు. దాంతో సంస్థకి రైతు కావాల్సి వచ్చాడు! నీళ్ళు రాని రైతు ఫీజు కట్టడు, ఫీజు రాకపోతే జీతాలకి ఇబ్బంది. 1976 నుంచి రైతు సంఘాల్ని కట్టే పని సీరియస్‌గా మొదలుపెట్టడానికి ఈ ఇరుకు కూడా ఒక కారణం. ఇబ్బందులూ వచ్చాయి, మెయింటెనెన్స్ వాయిదా వేసి ఖర్చు తగ్గించుకోవడం లాంటివి. చివరికి 2018లో ఎనిమిది హెక్టార్ల లోపు రైతులకి సాగునీరు ఉచితం అని అక్కడ చట్టం చేశారు, రైతుకి ఊరటే, కాదనను, కానీ ఇప్పుడు ఆ సంస్థ చూపు రైతు వైపు నుంచి మళ్ళీ బడ్జెట్ ఇచ్చేవాళ్ళ వైపు తిరిగిందనే నా అనుమానం.

మాలిలో ఆఫీస్ దు నిజేర్ అని 1932లో ఫ్రెంచివాళ్ళు పెట్టిన సంస్థ ఉంది. పత్తి కోసం పెట్టారు, చివరికి వరికి మళ్ళింది, రైతుల మీద పోలీసుల్లా పెత్తనం చేసిందని చెడ్డ పేరు. 1994లో దాన్ని చిన్నది చేసి, ప్రభుత్వం, సంస్థ, రైతులు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకున్నారు, ఫీజులో కొంత భాగం ఎక్కడ ఖర్చుపెట్టాలో రైతు ప్రతినిధులు కూర్చున్న కమిటీల్లో తేల్చడం మొదలైంది. 1980లలో హెక్టారుకి రెండు టన్నుల దగ్గరున్న వరి దిగుబడి 1990ల చివరికి ఐదు దాటింది. అంతా ఒప్పందం మహిమే అనలేం, కాలువలు బాగుచేశారు, నాట్లు వేయడం వచ్చింది, ధాన్యం ఎవరికైనా అమ్ముకునే స్వేచ్ఛ వచ్చింది. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, అందుకే పనిచేశాయి.

ప్రశ్న: నేను ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. అందరూ కింది సిబ్బందినే తిడతారు. మాకు కాలువ మీద తిరగడానికి బండి ఉండదు, గ్రీజు కొనడానికి డబ్బుండదు, పైనుంచి ఒత్తిడి. మా వైపు నుంచి కూడా రాయండి. – పేరు వద్దన్నారు

జవాబు: తప్పకుండా సార్, మీరు చెప్పింది నిజం. మెయింటెనెన్స్ బడ్జెట్ అనేది పేరుకి ఉంటుంది, అందులో పెద్ద భాగం జీతాలకే పోతుంది, గేటుకి గ్రీజు, గట్టుకి మట్టి అనేవి మిగిలినదాంట్లోంచి రావాలి. ఇంకో సంగతి, కొత్త కాలువ కడితే శిలాఫలకం ఉంటుంది, టెండర్ ఉంటుంది, ఫోటో ఉంటుంది, పాత కాలువ సరిగ్గా పారిస్తే ఏముంటుంది? ఇంజినీరు ఉద్యోగంలో గౌరవం, ప్రమోషన్ అన్నీ డిజైన్ దగ్గరా కన్‌స్ట్రక్షన్ దగ్గరా ఉంటే మంచి ఇంజినీరు ఆపరేషన్ వైపు ఎందుకొస్తాడు. అందుకే పాతది పాడు చేసుకుని, అప్పు తెచ్చి ఆధునీకరణ అని మళ్ళీ కట్టడం, కొన్నేళ్ళకి మళ్ళీ పాడవడం, ఈ చక్రం చాలా దేశాల్లో ఒకేలా నడుస్తుంది.

అవినీతి మాట మీరు ఎత్తలేదు కానీ ఎత్తాల్సిందే. వేడ్ పేరు పైన చెప్పాను కదా, ఆయన 1982లో రాసిన వ్యాసంలో ఒక సంగతి వివరంగా పెట్టాడు, పోస్టింగులకే ఒక మార్కెట్ ఉందని, మంచి పోస్టు కోసం పెద్ద మొత్తం కట్టినవాడు అది కాలువ పనుల్లోంచి, రైతుల దగ్గర్నుంచి రాబట్టుకోవాలని. అలా రాబట్టాలంటే నీటిలో అనిశ్చితి ఉండాలి, కచ్చితంగా వచ్చే నీళ్ళకి ఎవడూ లంచం ఇవ్వడు కదా. ఇది ఒక మనిషి చెడ్డతనం కథ కాదు సార్, నిజాయితీగా ఉన్నవాడిని బదిలీ చేయగలిగే వ్యవస్థ కథ. మీలాంటివాళ్ళు ఎంతమంది నలిగిపోయి ఉంటారో.

మరి అదే సిబ్బందితో మంచి ఫలితం రాదా అంటే మధ్యప్రదేశ్ ఉంది. 2010 తర్వాత అక్కడ పెద్ద కొత్త ఆనకట్టల కోసం ఎదురుచూడకుండా ఉన్నవాటిని నడపడం మీద పడ్డారు. ఆగిపోయిన చివరి కిలోమీటర్లు పూర్తిచేశారు, కాలువలు ముందే శుభ్రం చేశారు, నీళ్ళు వదిలితే ముందు చివరికి చేర్చి అక్కడినుంచి వెనక్కి పారించుకుంటూ వచ్చే పద్ధతి పట్టుకున్నారు, ఫీల్డ్ సిబ్బందికి ఫోన్లు ఇచ్చారు, పైస్థాయి అధికారి ప్రతివారం వీడియో కాన్ఫరెన్స్‌లో ఏ కాలువ ఎంతవరకు చేరిందని అడిగేవాడు. ఐదారేళ్ళలో కాలువల కింద తడిసిన భూమి రెండింతలు దాటింది. అయితే ఇదంతా పైనుంచి గట్టిగా పట్టుకోవడం వల్ల జరిగింది, రైతు సంఘాల బలంతో కాదు. పట్టుకున్న మనిషి మారితే ఏమవుతుందనే భయం అందులో ఎప్పుడూ ఉంటుంది. నన్నడిగితే పనిలో ఊపు పైనుంచి రావొచ్చు, నిలబడటానికి మాత్రం కింద పట్టుకునేవాళ్ళు కావాలి.

ప్రశ్న: వందల ఏళ్ళుగా ప్రభుత్వం లేకుండా నడుస్తున్న సాగునీటి వ్యవస్థలు నిజంగా ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి. స్పెయిన్‌లో వాలెన్సియా జల న్యాయస్థానం ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి కెథడ్రల్ గుమ్మం ముందు కూర్చుంటుంది. ఎనిమిది కాలువల ప్రతినిధులు, వాళ్ళే రైతులు, వాళ్ళే జడ్జిలు. వాదన నోటితోనే, లాయర్లు లేరు, తీర్పు అక్కడికక్కడే. ఇక బాలిలో సుబక్ సంఘాలు గుళ్ళ చుట్టూ అల్లుకుని ఏ లోయలో ఎప్పుడు నాటాలో ఎప్పుడు ఎండగట్టాలో నిర్ణయించుకునేవి. 1970లలో కొత్త వరి రకాలతో పాటు ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు, వీలైనన్నిసార్లు నాటండి అని చెప్పారు, నీళ్ళ వంతులు చెదిరిపోయాయి, పొలాలన్నీ ఒకేసారి ఖాళీగా ఉండే రోజులు లేకపోవడంతో పురుగులు విపరీతంగా పెరిగాయి, చివరికి పాత పద్ధతే నయమని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఇలాంటివాటిలో శిక్షలు ఎలా ఉంటాయో గమనించండి. మొదటి తప్పుకి చిన్న జరిమానా, దాదాపు సిగ్గుపడేంత. మళ్ళీ చేస్తే పెద్దది. ఒకేసారి పోలీసు కేసు అంటే పక్క పొలంవాడి మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. అలాగని పాతవన్నీ బంగారం అనుకోవద్దు, చాలాచోట్ల ఈ కట్టుబాట్ల కింద పెద్ద కులాలవాళ్ళ పెత్తనం, కొందరికి వెట్టి చాకిరీ ఉండేవి, దాన్ని కూడా తిరిగి తెచ్చుకోవాలని ఎవరూ అనరు.

ప్రశ్న: బోరు మోటారు ఉన్నవాడికి కాలువతో పనేంటి?

జవాబు: బోర్లో నీళ్ళు చాలాచోట్ల ఆ కాలువలోంచి ఇంకినవే. పైగా బోరు వేసుకోగలిగినవాళ్ళు, అంటే ఊళ్ళో మాట చెల్లేవాళ్ళు, కాలువ మీటింగులకి రావడం మానేస్తారు. మిగిలినవాళ్ళ మాట ఎవరు వింటారు?

ప్రశ్న: మాలాంటి బయటివాళ్ళు ఒక ప్రాజెక్టు బాగా నడుస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి? పేపర్లో ఆయకట్టు ఇన్ని లక్షల ఎకరాలు అని వేస్తారు, అది చూస్తే చాలా? – జర్నలిజం విద్యార్థి

జవాబు: అది అస్సలు చాలదు బాబూ. ఆయకట్టు అంకెల్లో రెండు రకాలుంటాయి, కాగితం మీద సృష్టించిన సామర్థ్యం ఒకటి, నిజంగా తడిసింది ఇంకొకటి, ఆ రెండిటి మధ్య తేడా ఎంతని ముందు అడుగు. తర్వాత కాలువ మొదట్లో ఒక తూము, చివర్లో ఒక తూము తీసుకుని రెండుచోట్లా అదే సీజన్లో ఏ పంట వేశారు, దిగుబడి ఎంత, ఎన్ని తడులు అందాయి అని కనుక్కో. మొత్తం ప్రాజెక్టు సగటు బాగుండి ఈ రెండిటి మధ్య బాగా తేడా ఉంటే ఆ సగటుని నమ్మకు.

నీళ్ళు వదిలే తేదీ ముందే ప్రకటించారా, ప్రకటించిన రోజునే వదిలారా అన్నది ఇంకో మంచి గుర్తు. ఇది దొరకడం సులువు, ఏ కాలువ గట్టు మీద అడిగినా చెప్తారు. డిస్ట్రిబ్యూటరీ దగ్గర కొలిచే స్కేలు ఉందా, దాని మీద అంకెలు కనిపిస్తున్నాయా, రోజువారీ రిజిస్టర్ రాస్తున్నారా, ఆ రిజిస్టర్ రైతు అడిగితే చూపిస్తారా. నా వరకు ఈ ఆఖరిది చాలా చెప్తుంది. కొలత దాచిపెట్టే చోట పంపకం సవ్యంగా ఉండటం నేనైతే చూడలేదు.

సంఘం ఉందంటే చివరి మీటింగ్ ఎప్పుడు జరిగింది, అందులో నీళ్ళ గురించి మాట్లాడారా, పనుల బిల్లుల గురించి మాట్లాడారా అని అడుగు. మినిట్స్ పుస్తకం ఉంటే చూడు. గత సీజన్లో వంతు తప్పినందుకు ఎవరికైనా జరిమానా పడిందా, పడితే కట్టారా, అందులో కాలువ మొదట్లో ఉన్న పెద్ద రైతు ఒక్కడైనా ఉన్నాడా. ఈ ప్రశ్న అధ్యక్షుడిని కాదు, లష్కర్‌ని అడుగు, అదీ ఆయన ఒక్కడే ఉన్నప్పుడు.